పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు: నిక్సన్‌ను గద్దె దించిందెవరు?

అమెరికా అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ 1974 ఆగస్టు 9న రాజీనామా చేసిన ఘట్టాన్ని గుర్తుచేస్తూ గత సంచికలో ఒక చిన్న వ్యాఖ్య ప్రచురించాము. దానిపై నగరంలోని పలు ప్రాంతాల నుంచి ఉత్తరాలు వచ్చాయి. పోటీ పరీక్షలకు చదువుతున్న వారు, న్యాయశాస్త్ర విద్యార్థులు, ఆ రోజుల్లో పత్రికల్లో ఈ వార్తలను స్వయంగా చదివిన పెద్దలు అడిగిన వాటిలో కొన్నింటికి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము. పరీక్షార్థులకు ఉపయోగపడాలన్న ఉద్దేశంతో పేర్లు, తేదీలు కొంత వివరంగానే పేర్కొన్నాము.

ప్రశ్న: మా కోచింగ్ నోట్సులో వాటర్‌గేట్ గురించి ఒకే వాక్యం ఉంది. ‘వాషింగ్టన్ పోస్ట్ విలేకరులిద్దరు కుంభకోణాన్ని బయటపెట్టడంతో నిక్సన్ రాజీనామా చేశారు’ అని. మెయిన్స్ వ్యాసంలో ఇలాగే రాయవచ్చునా?
— గ్రూప్–1 అభ్యర్థి, అశోక్‌నగర్

జవాబు: ఆ వాక్యంలో అబద్ధం లేదు కానీ, అంతమాత్రమే రాస్తే అసలు విషయాన్ని వదిలేసినట్లవుతుంది. బాబ్ వుడ్‌వర్డ్, కార్ల్ బెర్న్‌స్టీన్ అనే ఆ యువ విలేకరుల శ్రమను గానీ, వారి వెనుక నిలబడిన సంపాదకుడు బెన్ బ్రాడ్లీ, యజమానురాలు కేథరిన్ గ్రాహమ్‌ల ధైర్యాన్ని గానీ నేను ఏమాత్రం తక్కువ చేయను. అయితే వారి కథనాలు అచ్చవుతున్న రోజుల్లోనే, 1972 నవంబరు 7న, నిక్సన్ 50 రాష్ట్రాలలో 49 గెలిచి, 520 ఎలక్టోరల్ ఓట్లతో రెండోసారి ఎన్నికయ్యారన్న సంగతి మరువకూడదు. పత్రిక రాసినంత మాత్రాన అధ్యక్షుడు దిగిపోలేదు. ఆ తర్వాత 21 నెలల పాటు కోర్టు, సెనేట్, ఈ వ్యవహారం దర్యాప్తు కోసమే నియమితుడైన ప్రత్యేక ప్రాసిక్యూటర్, చివరికి సుప్రీంకోర్టు, ప్రతినిధుల సభ ఒకరు వదిలిన చోట మరొకరు అందుకుంటూ సాగించిన దర్యాప్తులే ఆయనను దించాయి.

మొదలైన తీరు చూడండి. 1972 జూన్ 17 తెల్లవారుజామున వాషింగ్టన్‌లోని వాటర్‌గేట్ భవనంలో ఫ్రాంక్ విల్స్ అనే కాపలాదారు గస్తీ తిరుగుతుండగా, ఒక తలుపు గొళ్ళెం పడకుండా టేపు అంటించి ఉండటం కనిపించింది. పనివాళ్ళు ఎవరో అంటించి ఉంటారనుకుని దాన్ని తీసేశాడు. కాసేపటికి మళ్ళీ వచ్చి చూస్తే, అదే చోట మళ్ళీ టేపు ఉంది. వెంటనే పోలీసులకు ఫోన్ చేశాడు. మఫ్టీలో వచ్చిన పోలీసులు ఆరో అంతస్తులోని డెమోక్రటిక్ పార్టీ జాతీయ కార్యాలయంలో ఐదుగురిని పట్టుకున్నారు. వారి చేతులకు రబ్బరు తొడుగులు ఉన్నాయి. వారి వద్ద కెమెరాలు, మాటలు దొంగచాటుగా వినే పరికరాలు, వరుస నంబర్లున్న 100 డాలర్ల నోట్లు దొరికాయి. ఆ ఐదుగురిలో ఒకరైన జేమ్స్ మెకార్డ్ గతంలో సీఐఏలో పనిచేసిన మనిషి, ఆ సమయానికి నిక్సన్ ఎన్నికల కమిటీలో భద్రతా వ్యవహారాలు చూస్తున్న మనిషి. మరొకరి చిరునామాల పుస్తకంలో హోవర్డ్ హంట్ పేరు, దాని పక్కన శ్వేతసౌధాన్ని సూచించే అక్షరాలు ఉన్నాయి. నిక్సన్ ప్రచారం కోసం ఇచ్చిన 25,000 డాలర్ల చెక్కు ఈ దొంగల్లో ఒకరి మయామీ బ్యాంకు ఖాతాలో జమ అయిందని ఆగస్టు 1న పోస్ట్ పత్రిక వెల్లడించింది. తీగ లాగితే డొంక కదలడం అక్కడి నుంచే మొదలైంది.

ఇక్కడ అభ్యర్థులు గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. పత్రిక ప్రచురించిన వివరాల్లో చాలా భాగం ఎఫ్‌బీఐ దర్యాప్తు అధికారులు అప్పటికే సేకరించినవే. విలేకరులకు రహస్యంగా దారి చూపిన వ్యక్తి ఎఫ్‌బీఐలో రెండో స్థానంలో ఉన్న మార్క్ ఫెల్ట్ అని 2005లో ఆయనే ఒప్పుకునే వరకు లోకానికి తెలియలేదు. ప్రభుత్వ యంత్రాంగం లోపల తమ పని తాము చేసుకుపోతున్న ఉద్యోగులు లేకపోతే, పత్రికకు రాయడానికి ఏమీ మిగిలేది కాదు.

1973 జనవరిలో ఆ ఐదుగురు దొంగలతో పాటు, వారిని నడిపించిన హోవర్డ్ హంట్, గోర్డన్ లిడ్డీల మీద, మొత్తం ఏడుగురిపై విచారణ జరిగింది. ఐదుగురు నేరం ఒప్పుకున్నారు, మిగిలిన ఇద్దరినీ జ్యూరీ దోషులుగా తేల్చింది. అంతటితో ఫైలు మూసేయవచ్చు. కానీ జడ్జి జాన్ సిరికాకు సంతృప్తి కలగలేదు. డబ్బు ఎవరిచ్చారు, ఎవరు పంపారు అన్న ప్రశ్నలకు జవాబు రాలేదని బహిరంగంగానే అన్నారు. శిక్షల భయం పట్టుకున్న మెకార్డ్ మార్చిలో జడ్జికి ఒక ఉత్తరం రాశాడు. నేరం ఒప్పుకుని నోరు మూసుకోవాలని నిందితులపై రాజకీయ ఒత్తిడి వచ్చిందని, సాక్షులు కోర్టులో అబద్ధాలు చెప్పారని అందులో ఉంది. సిరికా దానిని మార్చి 23న నిండు కోర్టులో చదివి వినిపించారు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో మలుపు అదే. అప్పటిదాకా దొంగతనం కేసుగా ఉన్నది ఆ రోజు నుంచి ప్రభుత్వం మీద కేసు అయింది.

మీ వ్యాసంలో మరొక సంగతి తప్పక రాయండి. సిరికా రిపబ్లికన్ పార్టీ అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ నియమించిన జడ్జి. ‘అధ్యక్షుడికి ఏం తెలుసు, ఎప్పుడు తెలిసింది?’ అని సెనేట్ కమిటీలో పదే పదే అడిగిన హోవర్డ్ బేకర్ నిక్సన్ పార్టీ సెనేటరే. ప్రత్యేక ప్రాసిక్యూటర్‌ను తొలగించడానికి నిరాకరించి పదవి వదులుకున్న ఇద్దరూ నిక్సన్ స్వయంగా ఎంపిక చేసుకున్న వారే. అధ్యక్షుడి గదిలోని సంభాషణలు రికార్డైన టేపులు అప్పగించాలని తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి వారెన్ బర్గర్‌ను ఆ పీఠం మీద కూర్చోబెట్టిందీ నిక్సనే. ప్రతిపక్షం వల్లనే ఆయన పడిపోయారని రాస్తే అది చరిత్రకు అన్యాయం. పదవి ఇచ్చిన మనిషి కన్నా ఆ పదవి ధర్మం పెద్దదని నమ్మిన వారు ఆయన చుట్టూ తగినంత మంది ఉండటం వల్లనే నిజం బయటికి వచ్చింది.

ప్రశ్న: అంత భారీగా గెలవబోతున్న అధ్యక్షుడికి ఇటువంటి చిల్లర దొంగతనం చేయించవలసిన ఖర్మ ఏమిటి? ఆయనే చేయించారని రుజువైందా?
— ఉపాధ్యాయురాలు, మలక్‌పేట

జవాబు: ఆ దొంగతనానికి నిక్సన్ స్వయంగా ఆదేశం ఇచ్చినట్లు ఇప్పటి వరకు రుజువు లేదు. ఆయన పదవి పోయింది ఆ తర్వాత జరిగిన దానికి.

దీనికి మూలం 1971లో ఉంది. వియత్నాం యుద్ధంపై రక్షణ శాఖ రహస్య పత్రాలను డేనియల్ ఎల్స్‌బర్గ్ పత్రికలకు అందజేసిన తర్వాత, సమాచారం బయటికి పొక్కకుండా చూడటానికి శ్వేతసౌధంలో ఒక రహస్య బృందం ఏర్పాటైంది. ఎల్స్‌బర్గ్ పరువు తీయడానికి ఏదైనా దొరుకుతుందేమోనని ఆ బృందం 1971 సెప్టెంబరులో ఆయన మానసిక వైద్యుడి కార్యాలయంలో చొరబడింది. ఆ పని నడిపించిన హోవర్డ్ హంట్, గోర్డన్ లిడ్డీలే మరుసటి ఏడాది వాటర్‌గేట్ పనీ నడిపించారు. కాబట్టి జూన్ 17న ఐదుగురు దొరికినప్పుడు, వారు నోరు విప్పితే బయటపడేది ఒక్క దొంగతనం గుట్టు కాదు, అంతకు ముందు చేసిన వాటన్నింటి గుట్టూ రట్టవుతుంది. శ్వేతసౌధం అంతగా కంగారు పడటానికి కారణం ఇదేనని నా అభిప్రాయం.

దొంగలు దొరికిన ఆరో రోజున, అంటే 1972 జూన్ 23న, నిక్సన్ తన ముఖ్య సహాయకుడు హాల్డెమన్‌తో మాట్లాడుతూ, ఇది జాతీయ భద్రతకు సంబంధించిన వ్యవహారమని సీఐఏ చేత చెప్పించి ఎఫ్‌బీఐ దర్యాప్తును ఆపించాలన్న ఆలోచనకు ఆమోదం తెలిపారు. అదే నేరం. ఆ తర్వాత నిందితుల నోరు మూయించడానికి డబ్బు పంపడం, సాక్షుల చేత అబద్ధాలు చెప్పించడం వరుసగా జరిగాయి. 1973 మార్చి 21న న్యాయ సలహాదారు జాన్ డీన్ వచ్చి, ఈ వ్యవహారం అధ్యక్ష పదవినే పుండులా తినేస్తోందని హెచ్చరించి, నిందితులకు రెండేళ్లలో పది లక్షల డాలర్లు కావలసి రావచ్చునని చెప్పినప్పుడు, ఆ డబ్బు సమకూర్చవచ్చునని నిక్సన్ అనడం కూడా టేపులో నమోదైంది. అంతటి పదవిలో ఉన్న మనిషి గదిలో కూర్చుని ఈ లెక్కలు వేసుకోవడం చదువుతుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ప్రశ్న: తనకే ప్రమాదం తెచ్చే టేపులను నిక్సన్ ఎందుకు తగులబెట్టలేదు? అధ్యక్షుడి ఆంతరంగిక సంభాషణలను ఇమ్మనే అధికారం కోర్టుకు ఎక్కడిది?
— న్యాయశాస్త్ర విద్యార్థిని, ఉస్మానియా విశ్వవిద్యాలయం

జవాబు: మీ ప్రశ్న ఈ వ్యవహారానికి గుండెకాయ వంటిది కనుక కొంచెం విస్తరంగా చెబుతాను.

1973 ఫిబ్రవరిలో సెనేట్ 77–0 ఓట్లతో ఒక ప్రత్యేక కమిటీని నియమించింది. ఉత్తర కరోలినాకు చెందిన శామ్ ఎర్విన్ దానికి అధ్యక్షుడు. మే 17న మొదలైన బహిరంగ విచారణలను అమెరికా ప్రజలు టీవీలలో చూశారు. జూన్‌లో జాన్ డీన్ 245 పేజీల వాంగ్మూలం చదివి, కప్పిపుచ్చే ప్రయత్నంలో అధ్యక్షుడు కూడా ఉన్నారని చెప్పారు. అయితే అది ఒక్క మనిషి మాట. అధ్యక్షుడు కాదంటే, ఎవరిని నమ్మాలి? ఆ చిక్కు జూలై 16న విడిపోయింది. అధ్యక్షుడి కార్యాలయంలో పనిచేసిన అలెగ్జాండర్ బటర్‌ఫీల్డ్, ఆ గదిలో జరిగే సంభాషణలన్నీ 1971 నుంచి రికార్డు అవుతున్నాయని కమిటీ ముందు చెప్పారు. ఆయనను మొదట ఆంతరంగికంగా విచారించినప్పుడు ఈ ప్రశ్న వేసింది నిక్సన్ పార్టీ తరఫున కమిటీలో పనిచేస్తున్న న్యాయవాదే.

ఆ రోజున నిక్సన్ న్యుమోనియాతో ఆసుపత్రిలో ఉన్నారు. టేపులను నాశనం చేయాలని కొందరు, చేస్తే నేరం ఒప్పుకున్నట్లవుతుందని కొందరు ఆయనకు చెప్పారు. అవి తన సొంత ఆస్తి అని, కోర్టులు వాటి జోలికి రాలేవని ఆయన నమ్మారు. సరిగ్గా వారానికి, జూలై 23న, ప్రత్యేక ప్రాసిక్యూటర్ ఆర్చిబాల్డ్ కాక్స్ వాటి కోసం సమన్లు పంపారు. ఆ తర్వాత వాటిని తగులబెట్టడం సాక్ష్యాన్ని రూపుమాపిన నేరమే అవుతుంది.

కాక్స్ నియామకంలో ఉన్న కిటుకును న్యాయ విద్యార్థులు జాగ్రత్తగా చూడాలి. అటార్నీ జనరల్‌గా, అంటే అమెరికా న్యాయ శాఖ అధిపతిగా, ఇలియట్ రిచర్డ్‌సన్ నియామకాన్ని ఆమోదించే సమయంలో, తీవ్రమైన అనుచిత ప్రవర్తన ఉంటే తప్ప ప్రత్యేక ప్రాసిక్యూటర్‌ను తొలగించబోనని సెనేట్ ఆయన చేత హామీ తీసుకుంది. అక్టోబరులో అప్పీలు కోర్టు కూడా టేపులు ఇవ్వవలసిందేనని చెప్పినప్పుడు, నిక్సన్ ఒక రాజీ మార్గం చూపారు. టేపులు కాక, వాటి సారాంశం ఇస్తామని, దాన్ని ఒక వృద్ధ సెనేటర్ విని సరిచూస్తారని. కాక్స్ ఒప్పుకోలేదు. 1973 అక్టోబరు 20 శనివారం సాయంత్రం కాక్స్‌ను తొలగించమని అధ్యక్షుడు ఆదేశించగా, ఇచ్చిన మాట తప్పలేనని రిచర్డ్‌సన్ రాజీనామా చేశారు. ఆయన కింది అధికారి విలియం రకల్స్‌హాస్ కూడా నిరాకరించి పదవి పోగొట్టుకున్నారు. మూడో స్థానంలో ఉన్న రాబర్ట్ బోర్క్ ఆ ఉత్తర్వుపై సంతకం చేశారు. దేశమంతటి నుంచి కాంగ్రెస్‌కు టెలిగ్రాములు వెల్లువెత్తాయి. పది రోజులు దాటి కొద్ది రోజులకే లియోన్ జవోర్స్కీని కొత్త ప్రాసిక్యూటర్‌గా నియమించక తప్పలేదు. ఈసారి నిబంధనలు మరింత గట్టిగా రాశారు. అధ్యక్షుడి గోప్యతా హక్కును కోర్టులో సవాలు చేసే అధికారం కూడా ఆ ప్రాసిక్యూటర్‌కు ఉంటుందని అందులోనే ఉంది.

జవోర్స్కీ 64 సంభాషణలు అడిగారు. విషయం సుప్రీంకోర్టుకు చేరింది. ప్రాసిక్యూటర్ నా కింద ఉద్యోగి, మా ఇద్దరి మధ్య తగవులో కోర్టుకు పని లేదని నిక్సన్ న్యాయవాది వాదించారు. ఆ నిబంధన అమలులో ఉన్నంత కాలం ప్రభుత్వం దానికి కట్టుబడవలసిందేనని కోర్టు తేల్చింది. 1974 జూలై 24న 8–0తో తీర్పు వచ్చింది. గతంలో నిక్సన్ న్యాయ శాఖలో పనిచేసిన జస్టిస్ రెన్‌క్విస్ట్ తప్పుకున్నారు. నిక్సన్ నియమించిన మిగిలిన ముగ్గురూ ఆ తీర్పులో ఉన్నారు. అధ్యక్షుడికి తన సలహాదారులతో గుట్టుగా మాట్లాడుకునే హక్కు ఉందని కోర్టు అంగీకరించింది. అయితే అది అపరిమితమైన హక్కు కాదని, క్రిమినల్ విచారణకు ఫలానా సాక్ష్యం కావాలని నిర్దిష్టంగా చూపినప్పుడు కేవలం గోప్యత అనే సాకు నిలవదని చెప్పింది.

మన దేశంలో ఇదే ప్రశ్న ఇంచుమించు ఇదే కాలంలో వచ్చింది. ఇందిరాగాంధీ ఎన్నికను సవాలు చేసిన రాజ్‌నారాయణ్, ప్రధాని పర్యటనల భద్రతా సూచనలున్న ‘బ్లూ బుక్’ను కోర్టు ముందు పెట్టమని అడిగారు, ప్రభుత్వం కాదంది. 1975 జనవరిలో సుప్రీంకోర్టు ఆ విషయాన్ని తిరిగి హైకోర్టుకే పంపింది కానీ, ఆ తీర్పులో జస్టిస్ కె.కె.మాథ్యూ, ప్రభుత్వ సేవకులు ప్రజల తరఫున చేసే ప్రతి పనినీ తెలుసుకునే హక్కు ప్రజలకు ఉందని రాశారు. 2005 సమాచార హక్కు చట్టానికి వేరు అక్కడ ఉంది. ఈ రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టుకుని చదవండి.

ప్రశ్న: పద్దెనిమిదిన్నర నిమిషాల టేపు చెరిగిపోయిందని అప్పట్లో పేపర్లో చదివిన గుర్తు. అది ఎవరి పనో తేలిందా?
— విశ్రాంత ఉద్యోగి, వనస్థలిపురం

జవాబు: తేలలేదు. హైదరాబాద్‌కు టీవీ ఇంకా రాని ఆ రోజుల్లో రేడియో, పత్రికల ద్వారానే తెలుసుకున్నప్పటికీ మీ జ్ఞాపకం సరిగ్గానే ఉంది. దొంగలు పట్టుబడిన మూడో రోజున, 1972 జూన్ 20న, నిక్సన్, హాల్డెమన్‌ల మధ్య జరిగిన సంభాషణలో ఆ ఖాళీ ఉంది. కార్యదర్శి రోజ్ మేరీ వుడ్స్, టేపు వింటూ టైపు చేస్తుండగా ఫోన్ మోగిందని, దాన్ని అందుకోబోయి పొరపాటున రికార్డు బటన్ నొక్కానని, కాలు పెడల్ మీదే ఉండిపోయిందని చెప్పారు. అది కొన్ని నిమిషాలకు మాత్రమే వర్తిస్తుందని కూడా అన్నారు. ఒళ్ళంతా సాచి ఒక చేత్తో ఫోన్, ఒక కాలితో పెడల్ అందుకుంటున్నట్లు ఆమె చూపిన ఫొటో చూసిన వారెవరికీ నమ్మకం కలగలేదు. కోర్టు నియమించిన నిపుణులు, ఆ భాగాన్ని ఐదు నుంచి తొమ్మిది సార్లు విడివిడిగా చెరిపారని తేల్చారు. అందులో ఏముందో ఇక ఎన్నటికీ తెలియకపోవచ్చు.

ప్రశ్న: చివరికి నిక్సన్‌కు శిక్ష పడిందా?
— చిరు వ్యాపారి, సికింద్రాబాద్

జవాబు: పడలేదు. 1974 జూలై చివరి వారంలో పీటర్ రొడినో అధ్యక్షతన ప్రతినిధుల సభ న్యాయ కమిటీ మూడు అభియోగాలను ఆమోదించింది. న్యాయ ప్రక్రియకు ఆటంకం, అధికార దుర్వినియోగం, కాంగ్రెస్ సమన్ల ధిక్కారం. మొదటిదానికి ఆరుగురు, రెండోదానికి ఏడుగురు రిపబ్లికన్లు కూడా అనుకూలంగా ఓటేశారు. ఆగస్టు 5న జూన్ 23 నాటి టేపు పాఠం విడుదల కావడంతో మిగిలిన వారు కూడా చేతులెత్తేశారు. సెనేట్‌లో మీకు ఓట్లు లేవని సొంత పార్టీ పెద్ద బారీ గోల్డ్‌వాటర్ వెళ్లి ముఖం మీదే చెప్పిన మరునాడు నిక్సన్ రాజీనామా ప్రకటించారు. సభ మొత్తం ఓటేసే దశ రాలేదు కనుక ఆయన ‘అభిశంసనకు గురైన అధ్యక్షుడు’ కాదు. పరీక్షల్లో ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు.

సెప్టెంబరు 8న కొత్త అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ ఆయనకు సంపూర్ణ క్షమాభిక్ష ప్రసాదించారు. హాల్డెమన్, నిక్సన్ మరో ముఖ్య సహాయకుడు ఎర్లిక్‌మన్, మాజీ అటార్నీ జనరల్ జాన్ మిచెల్ జైలుకు వెళ్లారు. మిచెల్ 19 నెలలు శిక్ష అనుభవించారు. దేశం ముందుకు సాగాలంటే క్షమాభిక్ష తప్పదని ఫోర్డ్ భావించారు, ఆయన చిత్తశుద్ధిని శంకించను. కానీ ఆజ్ఞ పాటించిన వారు జైలులో ఉండగా ఆజ్ఞ ఇచ్చిన వారు సొంత ఇంట్లో ఉండటం న్యాయమని నాకు ఏనాడూ అనిపించలేదు.

ప్రశ్న: మన రాష్ట్రపతి మీద ఇటువంటి దర్యాప్తు సాధ్యమేనా? ప్రధానమంత్రి సంగతేమిటి?
— విశ్రాంత న్యాయవాది, ఖైరతాబాద్

జవాబు: అమెరికా అధ్యక్షుడికి సమానమైన పదవి మన దగ్గర రాష్ట్రపతిది కాదు, ప్రధానమంత్రిది అన్నది మీకు తెలిసిన విషయమే అయినా ఇతర పాఠకుల కోసం చెబుతున్నాను. రాజ్యాంగంలోని 361వ అధికరణం ప్రకారం పదవిలో ఉన్నంత కాలం రాష్ట్రపతిపై క్రిమినల్ చర్యలు కుదరవు. 61వ అధికరణం కింద, రాజ్యాంగాన్ని ఉల్లంఘించారన్న ఆరోపణపై పార్లమెంటు అభిశంసించవచ్చు. ఒక సభ మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతుల మెజారిటీతో అభియోగం మోపితే, రెండో సభ దర్యాప్తు చేస్తుంది. ఇంతవరకు అటువంటి అవసరం రాలేదు.

అయితే పదవిలో ఉన్న రాష్ట్రపతి కోర్టులో సాక్ష్యం చెప్పిన సందర్భం ఒకటి ఉంది, అది మన తెలుగువారికి బాగా దగ్గరిది. 1969 రాష్ట్రపతి ఎన్నికలో నీలం సంజీవరెడ్డిపై వి.వి.గిరి గెలిచారు. సంజీవరెడ్డిని కించపరిచే కరపత్రం ఒకటి పార్లమెంటు సభ్యుల మధ్య పంచిపెట్టారని, ఓటర్లపై అనుచిత ప్రభావం చూపారని ఆరోపిస్తూ ఆ ఎన్నికను సుప్రీంకోర్టులో సవాలు చేశారు. 1970లో గిరి రాష్ట్రపతి హోదాలో ఉండగానే స్వయంగా కోర్టుకు వచ్చి సాక్ష్యం ఇచ్చారు. కోర్టు ఆ పిటిషన్లను కొట్టివేసింది. ఫలితం సంగతి అలా ఉంచి, రావలసిన పని లేదని వాదించకుండా దేశ ప్రథమ పౌరుడు న్యాయస్థానంలో ప్రశ్నలకు జవాబు చెప్పడాన్ని మనం మరింతగా గుర్తుంచుకోవాలి. వాషింగ్టన్‌లో టేపుల కోసం ఏడాది పాటు సాగిన పెనుగులాటకు ఇది మూడేళ్ల ముందటి మాట.

ప్రధానమంత్రికి అటువంటి రక్షణ ఏదీ లేదు. 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టులో జస్టిస్ జగ్‌మోహన్‌లాల్ సిన్హా ప్రధాని ఎన్నికను రద్దు చేయడం ఆ సూత్రానికి నిదర్శనం. ఆ తర్వాత మన దేశం పట్టిన దారి మాత్రం బాధాకరం. నిక్సన్ తీర్పుకు తలవంచి టేపులు అప్పగించారు. ఇక్కడ రెండు వారాలు తిరగకుండానే అత్యవసర పరిస్థితి వచ్చింది, పత్రికలపై సెన్సార్‌షిప్ వచ్చింది, ప్రధాని ఎన్నికను కోర్టుల పరిధి నుంచి తప్పిస్తూ 39వ రాజ్యాంగ సవరణ వచ్చింది. ఆ సవరణలోని ఆ భాగాన్ని సుప్రీంకోర్టు నవంబరులో కొట్టివేసింది కానీ, అదే తీర్పులో అప్పటికే మార్చిన ఎన్నికల చట్టం ఆధారంగా ప్రధాని ఎన్నికను సమర్థించింది. నాడు వాషింగ్టన్‌లో రాజీనామా చేసిన అటార్నీ జనరల్ వంటి వారు ఇక్కడ ఎందరు నిలబడ్డారన్నది మనం ఇప్పటికీ నిజాయితీగా వేసుకోవలసిన ప్రశ్న.

కాక్స్‌ను ఒక్క సంతకంతో తీసేసినటువంటి పరిస్థితి మన దర్యాప్తు సంస్థలకూ ఉంది. హవాలా కేసులో, అంటే వినీత్ నారాయణ్ కేసులో, 1997 డిసెంబరులో సుప్రీంకోర్టు సీబీఐ డైరెక్టర్‌కు కనీసం రెండేళ్ల పదవీకాలం ఉండాలని, పెద్ద అధికారులపై దర్యాప్తుకు ప్రభుత్వ అనుమతి కావాలన్న ఆదేశం చెల్లదని చెప్పింది. 2013 లోక్‌పాల్ చట్టం కొన్ని మినహాయింపులతో ప్రధానిని కూడా తన పరిధిలోకి తెచ్చింది. చట్టం ఉంది. దాన్ని వాడే అధికారి బదిలీకి, పదవీ విరమణ తర్వాత దొరికే పోస్టుకు ఆశపడకుండా, భయపడకుండా ఉండే ఏర్పాటు ఇంకా బలంగా జరగాలని నేను కోరుకుంటున్నాను.

ప్రశ్న: మన ఫోన్ ట్యాపింగ్ కేసును టీవీ చర్చల్లో ‘తెలంగాణ వాటర్‌గేట్’ అంటున్నారు. ఆ పోలిక సరైనదేనా?
— పాఠకుడు, అమీర్‌పేట

జవాబు: 2024 మార్చిలో పంజాగుట్ట పోలీస్ స్టేషన్‌లో నమోదైన ఆ కేసులో ఎవరు దోషులో చెప్పవలసింది న్యాయస్థానం. అందువల్ల ఆరోపణల జోలికి వెళ్లను. పోలిక వరకు మాత్రం ఒక తేడా చెప్పాలి. వాటర్‌గేట్‌లో ప్రత్యర్థి కార్యాలయంలోకి చొరబడినవారు పార్టీ డబ్బుతో పనిచేసిన ప్రైవేటు వ్యక్తులు. ప్రభుత్వ యంత్రాంగమే ఫోన్లు విన్నదన్న ఆరోపణ వచ్చినప్పుడు అడగవలసిన ప్రశ్నలు వేరు. రాతపూర్వక ఉత్తర్వు ఉందా, దానిపై ఏ అధికారి సంతకం చేశారు, కారణం ఏమని రాశారు, సమీక్షా కమిటీ దాన్ని చూసిందా? 1996లో పౌర హక్కుల ప్రజా సంఘం (పీయూసీఎల్) కేసులో సుప్రీంకోర్టు ఈ షరతులన్నీ విధించింది. హోం కార్యదర్శి స్థాయి అధికారి ఉత్తర్వు లేకుండా మామూలుగా ఎవరి ఫోనూ వినకూడదు. టీవీలో ఎవరు ఎవరిని తిట్టారన్నది వదిలేసి, ఈ నాలుగు ప్రశ్నలకు కోర్టులో వచ్చే జవాబులను గమనించండి.

ఫోన్ల వ్యవహారం మన దేశంలో పదవులు పోగొట్టిన సందర్భాలూ ఉన్నాయి. 1988లో కర్ణాటక ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే ట్యాపింగ్ ఆరోపణలపై రాజీనామా చేశారు. 1991 మార్చిలో రాజీవ్‌గాంధీ నివాసంపై నిఘా పెట్టారంటూ హర్యానా కానిస్టేబుళ్లు ఇద్దరు పట్టుబడిన గొడవతో చంద్రశేఖర్ ప్రభుత్వం పడిపోయింది.

ప్రశ్న: ఈ టేపులను, తీర్పును మా వంటి విద్యార్థులు చూడగలరా? ఎక్కడ మొదలుపెట్టాలి?
— డిగ్రీ విద్యార్థి, చిక్కడపల్లి

జవాబు: చూడవచ్చు, వినవచ్చు కూడా. అధ్యక్షుడి పత్రాలు ఆయన సొంత ఆస్తి కావని, దేశానివని అమెరికా కాంగ్రెస్ 1978లో చట్టం చేసింది. నిక్సన్ టేపులను కాపాడటానికి 1974లోనే విడిగా ఒక చట్టం తెచ్చింది. దాదాపు 3,700 గంటల రికార్డింగులు అమెరికా జాతీయ పత్రాగారం అధీనంలో ఉన్నాయి. వాటిలో చాలా భాగం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ధ్వని అంత స్పష్టంగా ఉండదు కనుక రాత ప్రతిని ఎదురుగా పెట్టుకుని 1972 జూన్ 23 సంభాషణతో మొదలుపెట్టండి, ఆ తర్వాత 1973 మార్చి 21 నాటిది వినండి. సుప్రీంకోర్టు తీర్పు మరీ పెద్దది కాదు, ఇంగ్లిష్ కూడా కష్టమైనది కాదు. దానిలో మొదట అధ్యక్షుడి గోప్యతా హక్కుపై ఉన్న భాగం చదివి, ఆపైన ప్రాసిక్యూటర్ నియామక నిబంధన గురించిన భాగానికి వెనక్కి వెళితే వాదన తేలికగా పట్టుబడుతుంది.